నేల రాని లిఫ్టు

కొత్త లిఫ్టు బొత్తాల మీద పడ్డ వేలిముద్రలను లిఫ్టాయన గుడ్డముక్కతో తుడుస్తున్నాడు. తుడిచి పక్కకు జరిగాడో లేదో, మూడో అంతస్తు పళ్ళ డాక్టరు కోసం వచ్చిన ఒకావిడ వాచిన బుగ్గను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఉన్న బొత్తాలన్నీ నొక్కేసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. లిఫ్టాయన మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

పాత లిఫ్టు ఉన్నన్నాళ్ళూ ఆ భవనంలో అతనికంటూ ఒక చోటుండేది. చెక్క గది, ఇత్తడి పిడి, పక్కకు లాగితే మడతలు పడే ఇనప జాలీ తలుపు, మూలన ఒక ఎత్తుపీట. ఎవరెక్కినా "పైకా, కిందికా అండీ?" అనేవాడు. అట్టడుగున ఎక్కినవాళ్ళనీ అదే అడిగేవాడు. "కిందికెళ్ళాలంటే పునాది తవ్వాలయ్యా" అని కొందరు నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు. అడగడం అతని పని, నవ్వడం వాళ్ళ సరదా.

తర్వాత బొత్తాల లిఫ్టు వచ్చింది. పాతదాన్ని ఊడదీశారు. అతన్ని కూడా ఊడదీయడానికి మేనేజరుకు మనసొప్పలేదో, బద్ధకించాడో తెలియదు కానీ, కొత్త లిఫ్టు పక్కన నిలబెట్టాడు. లిఫ్టు ఎక్కడుందో తెలియక వెతుక్కునేవాళ్ళకు లిఫ్టు చూపించడం ఉద్యోగం. దాని తలుపులేమో వీధిలోకి మెరుస్తుంటాయి. వెతుక్కుంటూ వచ్చినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

పొట్టి మనిషి. జాలీ తలుపు లాగీ లాగీ కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి దిగింది. ఎన్నో ఏళ్ళు చెక్క గదిలో గడిపినందువల్ల చర్మం కుండీ కింద మొలిచిన గడ్డిలా పాలిపోయింది. ఈ మధ్య మెట్లెక్కితే ఎడమ రెక్క కింద ఎవరో మోచేత్తో పొడిచినట్టుంటోంది. గ్యాసని భార్య అంది. వయసని అతననుకున్నాడు. ఆ విషయంలో మూడో అభిప్రాయం ఎవరూ చెప్పలేదు.

మేనేజరు లోపలికి వస్తూ కనిపించగానే గుడ్డముక్క జేబులో కుక్కుకుని ఎదురెళ్ళాడు.

"పూట సెలవు కావాలండి."

"ఇప్పుడా? ఎవరైనా పోయారా ఏమిటి?"

"లేదండి. మ్యూజియానికి."

"నెలనెలా వెళ్తూనే ఉంటావుగా. ఆ రాళ్ళూ రప్పలూ ఎక్కడికి పోతాయయ్యా?"

"ఇవాళ మన లిఫ్టును పెడుతున్నారండి. పొద్దున్నే రిబ్బను కత్తిరిస్తారట. మా ఆవిడ కూడా వస్తానంది."

మేనేజరు అతన్ని ఎగాదిగా చూశాడు. "సరే, వెళ్ళు. ఉన్నా లేకపోయినా తేడా ఏముందిలే" అన్నాడు. దయగానే అన్నాడు. లిఫ్టాయన దయగానే తీసుకున్నాడు.

మ్యూజియం పిచ్చి అతనికి ఎలా పట్టిందో అతనికే గుర్తులేదు. ఒకసారి వానకు తడవకుండా లోపలికి దూరి ఉంటాడని భార్య అనుమానం. అప్పటినుంచీ సెలవు దొరికితే చాలు, తల దువ్వుకుని బయల్దేరేవాడు. కదిలే పెట్టెలో కదలకుండా బతికిన మనిషికి, కదలని పెట్టెల మధ్య తీరుబడిగా తిరగడం ఎంత హాయో ఇంకొకళ్ళకు చెప్పినా అర్థం కాదు. అక్కడెవరూ తొందరపెట్టరు. ఎవరినీ ఎక్కడికీ చేర్చనక్కర్లేదు.

అలాగని అతనేమీ నేర్చుకోలేదు. వస్తువుల కింద అంటించిన అక్షరాలు చీమల బారులా ఉండేవి. కళ్ళద్దాలు ఇంట్లో ఉండేవి. కనుక ఏది దేనికో తనే నిర్ణయించుకునేవాడు. వంకర పిడి బాకుతో రాణిగారు పళ్ళు కోసుకునేదనీ, వెడల్పు మూతి వెండి గిన్నెలో రాజుగారు రాత్రిపూట కిరీటం పెట్టుకునేవాడనీ అతని సిద్ధాంతం. అది ఉమ్మి వేసుకునే పాత్ర అని పక్కనున్నవాళ్ళెవరో అంటుంటే విని, పాపం వీళ్ళకు తెలియదనుకుని ముందుకు సాగాడు. రాయి అరిగినా, రంగు వెలిసినా, ముక్కు విరిగినా అక్కడ అద్దాలపెట్టెలో పెట్టి దీపం వేస్తారు. అతనికి నచ్చింది ఆ మర్యాద.

ఆ మర్యాదను భార్య ఒక్కసారి కళ్ళారా చూడాలని అతని కోరిక. పెళ్ళైన కొత్తలో పిలిచాడు, తర్వాతా పిలిచాడు. ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే.

"చచ్చిపోయినవాళ్ళ సామాన్లు చూడ్డానికి టికెట్టు కొనాలా? మీ అమ్మగారి సామాన్లు అటక మీదున్నాయి. నిచ్చెనేసుకుని ఎక్కి చూసుకోండి, ఊరికే."

ఈసారి మాత్రం వస్తానంది. కారణం మొగుడు కాదు, పక్కింటావిడ. "మీ ఆయన లిఫ్టును మ్యూజియంలో పెడుతున్నారటగా వదినా, మీరు వెళ్తున్నారా?" అని ఆవిడ గోడమీంచి అడిగేసింది. వెళ్ళడంలేదని చెప్పడానికి ఈవిడకు నోరు రాలేదు. పైగా కాస్త కలిపి, "ఆయన్ని ప్రత్యేకంగా పిలిచారు" అని కూడా అనేసింది. ఎవరూ పిలవలేదు. మ్యూజియం వాళ్ళు వచ్చి లిఫ్టు కొలతలు తీసుకున్న రోజున, లోపల పెట్టడానికి పాత యూనిఫారం ఉంటే ఇమ్మని మేనేజరును అడిగారు. మేనేజరు లిఫ్టాయన ఒంటిమీది కోటు అక్కడికక్కడే విప్పించి ఇచ్చేశాడు. అతను బనీనుతో బస్సెక్కి ఇంటికి వచ్చి, "నా కోటును మ్యూజియంలో పెడతారట" అని మొహం చాటంత చేసుకుని చెప్పాడు.

అతను ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ చీర మార్చుకుని, పౌడరు రాసుకుని, తాళం చేత పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇదిగో, ముందే చెప్తున్నా. ప్రతి రాయి దగ్గరా నిలబెట్టి కథలు చెప్పారంటే మధ్యలోనే వచ్చేస్తా."

"ముందు లిఫ్టు దగ్గరికే వెళ్దామే. నేనెక్కడ నిలబడేవాణ్ణో చూద్దువుగాని."

"చూడ్డానికేముంది, నిలబడేవారు. ఇంట్లోనూ నిలబడే ఉంటారుగా, ఏ పనీ చెయ్యకుండా."

బస్సులో అతను కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాడు. దారి పొడుగునా మోకాళ్ళ మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. లిఫ్టు చూశాక ఆవిడ ఏమంటుందో మనసులో రకరకాలుగా ఊహించుకున్నాడు. "ఫరవాలేదే" అన్నా చాలు. ఆవిడ కొలతల్లో అది చాలా పెద్ద మాట.

మ్యూజియం వాకిట్లో గార్డు అతన్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. "రండన్నా, రండి. ఇవాళ మీ ఇంటి పెళ్ళేగా! వదినగారా? నమస్కారమండీ." లిఫ్టాయన భార్య వైపు ఓరగా చూశాడు. తన మొగుణ్ణి చూసి ఇంకో మగాడు కుర్చీలోంచి లేవడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. పమిట సర్దుకుంది.

కొత్త గదిలో అప్పటికే జనం ఉన్నారు. రిబ్బను కత్తిరించడం అయిపోయింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన, ఆయన భార్య, మ్యూజియం మేడం, ఒక ఫొటోగ్రాఫరు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ భుజాల సందుల్లోంచి లిఫ్టాయనకు ముందు ఇత్తడి పిడి కనిపించింది. ఎవరో బాగా తోమారు. తర్వాత చెక్క గది మొత్తం కనిపించింది. వార్నిషు వేసి, లోపల దీపం పెట్టి, జాలీ తలుపు ఒక పక్కకు మడిచి, చుట్టూ ఎర్రతాడు కట్టారు. భార్య మోచెయ్యి పట్టుకుని జనంలోంచి ముందుకు లాక్కెళ్ళాడు.

ఎత్తుపీట మీద అతని కోటు కూర్చుని ఉంది. కోటు లోపల ఒక బొమ్మ. బట్టల దుకాణాల అద్దాల వెనక నిలబడే రకం. మోకాళ్ళు వంచి కూర్చోబెట్టారు. కోరమీసం, చెక్కినట్టున్న దవడ, నున్నటి నల్లబూట్లు. ఒక చెయ్యి పిడి మీద.

"ఎవరండీ ఈయన?" అంది భార్య. "భలే ఉన్నాడే!"

"నేనే."

ఆవిడ బొమ్మను చూసింది. మొగుణ్ణి చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. రెండోసారి కాస్త ఎక్కువసేపు చూసింది.

"ఏదో ఒకటిలెండి. కోటు మాత్రం ఇతనికే కుదిరింది. మీ ఒంటిమీద చిలక్కొయ్యకు తగిలించినట్టుండేది."

"కింద ఏం రాశారో చదువు."

"'పాతకాలపు లిఫ్టు, నడిపేవాడితో సహా'. అంతే. మీ పేరు లేదు."

"పేరెందుకే, కోటుందిగా" అన్నాడతను. కానీ మొహంలో గాలి తీసినట్టయింది. ఆవిడ అప్పటికే మెడ తిప్పి, పక్క గది గుమ్మంలోంచి మెరుస్తున్న నగల పెట్టెల వైపు చూస్తోంది.

అప్పుడు ఫొటోగ్రాఫరు, "సార్, ఒక్కసారి అమ్మగారితో లిఫ్టులోకి వెళ్ళి నిలబడతారా? చాలా బాగుంటుంది" అన్నాడు. మ్యూజియం మేడం కంగారుగా నవ్వుతూ తాడు తీసి పట్టుకుంది. పెద్దాయనా, పెద్దావిడా లోపలికి వెళ్ళి బొమ్మకు చెరో పక్క నిలబడ్డారు.

ఇద్దరు మనుషులు లిఫ్టెక్కారు. ఎవరూ ఏమీ అడగలేదు.

లిఫ్టాయన ఆలోచించి చేసింది కాదది. చెయ్యిజారిన గిన్నెను ఒంగి అందుకున్నట్టు, అతని కాళ్ళు అతన్నడక్కుండానే ముందుకు వెళ్ళాయి. మేడం పక్కనుంచి దూరి లోపల అడుగుపెట్టి, బొమ్మకూ తలుపుకూ మధ్య తన చోట తను నిలబడ్డాడు.

"పైకా, కిందికా అండీ?"

పెద్దావిడ పకపకా నవ్వింది. ఇదీ కార్యక్రమంలో భాగమనుకుంది. "పైకే, పైకే" అన్నాడు పెద్దాయన హుషారుగా. "అదిరిపోయింది, అలాగే ఉండండి!" అన్నాడు ఫొటోగ్రాఫరు. లిఫ్టాయన కాలు తన్నిపెట్టి, కుడి భుజం కిందికి వంచి, జాలీ తలుపును ఒక్క ఊపున లాగాడు. ఆ మోత గది నాలుగు గోడలకూ తగిలి వచ్చింది. గడియ పడింది. బొమ్మ చేతిమీద తన చెయ్యి వేసి పిడి తిప్పాడు.

జాలీ సందుల్లోంచి భార్య మొహం కనిపించింది. నోరు కొద్దిగా తెరిచి అతన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళల్లో ఏదో కొత్తది ఉంది. అతను చూసింది ఏమిటో మనకు తెలియదు కానీ, జీవితానికది చాలన్నట్టు నవ్వాడు.

ఫొటోలు అయ్యాయి. జనం చప్పట్లు కొట్టారు. "ఇక తెరువు బాబూ" అన్నాడు పెద్దాయన.

లిఫ్టాయన తలుపు లాగాడు. రాలేదు.

రాదు. గదిని ఊడదీసి తెచ్చినవాళ్ళు గదినే తెచ్చారు, గోడను తేలేదు. ఆ గడియ లోపలనుంచి విడేది కాదు. ఏ అంతస్తు దగ్గర లిఫ్టు ఆగితే ఆ అంతస్తు గోడకున్న ఇనప నాలిక వచ్చి గడియను ఎత్తితేనే తలుపు జరుగుతుంది. మనిషి మధ్యలో తలుపు తెరిచి పడిపోకుండా చేసిన ఏర్పాటది. ఇక్కడ అంతస్తు లేదు, నాలిక లేదు. తెరిచి ఉంచి, తాడు కట్టి, సరిపోయిందనుకున్నారు.

"ఏమయ్యా?"

"నేల రావాలండి."

"ఏ నేల?"

"అంతస్తు నేలండి. నేల వస్తే అదే తెరుచుకుంటుంది."

"మనం నేలమీదే ఉన్నాం కదయ్యా!" అని అరిచింది పెద్దావిడ.

లిఫ్టాయనకు ఆ మాట అర్థమైంది. అర్థమైనా చేతులు మాత్రం పిడిని తిప్పుతూనే ఉన్నాయి. పైకి తిప్పాడు, కిందికి తిప్పాడు. మొదట్లో నవ్వినవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు కానీ నవ్వు రకం మారింది. పెద్దావిడకు చెమటలు పట్టి, గాలాడటంలేదని జాలీని రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఆ ఊపుకు బొమ్మ పీటమీంచి జారి పెద్దాయన మెడమీద వాలింది. ఆయన దాన్ని నెట్టేశాడు. అది లిఫ్టాయన మీద పడింది. తన కోటును తను కౌగలించుకుని, నాలుగు మూరల గదిలో అతను ఎటూ తిరగలేక నిలబడిపోయాడు.

"నువ్వు లిఫ్టు నడిపేవాడివేనా అసలు?"

"అవునండి."

"మరి తెరవడం రాదా?"

"ఎప్పుడూ నేను తెరవలేదండి. నేల వచ్చేదండి."

చివరికి పనివాళ్ళు గడ్డపార తెచ్చారు. ఇనుము పెళపెళా విరుగుతుంటే మ్యూజియం మేడం కళ్ళు మూసుకుంది. తలుపు ఒక పక్క ఊడి వేలాడింది. పెద్దావిడను చేతులు పట్టి నడిపించుకుంటూ వెళ్ళారు. తర్వాత ఇద్దరు గార్డులు లిఫ్టాయనను చెరో రెక్కా పట్టి బయటికి ఈడ్చారు. వాళ్ళల్లో ఒకడు, పొద్దున్న కుర్చీలోంచి లేచినవాడే.

"ఎవరితను? ఎవరితో వచ్చాడు?" అంది మేడం.

గార్డు జనంలోకి చూశాడు. "ఇదిగోండి మేడం, ఈవిడతో అనుకుంటా... ఈయన మీ ఆయనే కదండీ?"

గదిలోని మొహాలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. పౌడరు రాసుకున్న మొహం, ఇస్త్రీ చీర. పక్కింటావిడకు సాయంత్రం ఏం చెప్పాలో తెలియని మనిషి.

"అబ్బే" అంది. "నాకు తెలీదండీ. గుమ్మం దగ్గర పక్కపక్కన నడిచామంతే."

లిఫ్టాయన ఆవిడ వైపు చూడలేదు. "అవునండి, నేనొక్కణ్ణే వచ్చాను" అన్నాడు. గార్డుకూ అతనికీ నిజం తెలుసు.

"ఈ మనిషి మొహం బాగా గుర్తుపెట్టుకోండి" అంది మేడం. "ఇక ఈ జన్మలో లోపలికి రావడానికి వీల్లేదు. వచ్చాడని తెలిస్తే ముందు మీ ఉద్యోగం పోతుంది."

బయటి మెట్లమీద వదిలేస్తూ గార్డు గొంతు తగ్గించాడు. "ఏమనుకోకన్నా. నాకూ ఇల్లుంది."

"మళ్ళీ అసలు రానివ్వరా? ఆ లిఫ్టు గది వైపు వెళ్ళనులే. మిగతావి చూసి వెళ్ళిపోతా."

"రానివ్వరన్నా."

"వెండి గిన్నె ఉన్న గది ఉంది చూడు, అది గుమ్మం పక్కనేగా..."

గార్డు లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి వాకిలి వైపు వీపు పెట్టి.

లిఫ్టాయన మెట్టుమీద చతికిలబడ్డాడు. ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. టికెట్టు కొనుక్కున్నవాళ్ళు అతన్ని దాటుకుంటూ లోపలికి వెళ్తున్నారు. ఎడమ రెక్క కింద మోచెయ్యి పోటు మొదలైంది. ఈసారి మోచెయ్యి తీయకుండా అలాగే అదిమి పట్టింది. పక్కనున్న స్తంభానికి తల ఆనించాడు.

లోపల ఆవిడ చిక్కులో పడింది. వెంటనే వెళ్ళిపోతే అతని మనిషేనని అందరికీ తెలిసిపోతుంది. తనకేమీ పట్టనట్టు కాసేపు అవీ ఇవీ చూడక తప్పలేదు. అలా నగల గదిలోకి వెళ్ళింది. ఊరికే చూస్తున్నట్టు నటించడానికి ఒక పెట్టె ముందు ఆగింది. రెండో పెట్టెకు వచ్చేసరికి నటన మరిచిపోయింది. గోరంత ముత్యాలతో అల్లిన జడకుచ్చులు, పిడికెడు నడుముకు పట్టే వడ్డాణాలు, ఎవరిదో చంటిపిల్ల కాలి మువ్వలు. తర్వాత బట్టల గది. ఆ తర్వాత గడియారాల గది. ప్రతి దాని కిందా రాసింది చదివింది. అర్థంకానిచోట అక్కడున్నవాళ్ళను అడిగింది. కాళ్ళు పీకుతున్నాయని ఎంతకీ గుర్తురాలేదు. వెండి గిన్నె ముందు నిలబడి, కింద రాసింది చదివి, "ఛీ" అని నవ్వుకుంది.

బయటికి వచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి. అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, మొగుడి పక్కన మెట్టుమీద కూర్చుంది.

"అలిగారా? అలగండి. పరువంతా తీసి గంగలో కలిపారు. నేనక్కడ అవునని ఉంటే ఏమయ్యేది? ఇద్దర్నీ కలిపి గెంటేవాళ్ళు."

అతను పలకలేదు. తల స్తంభానికి ఆనుకునే ఉంది.

"అయినా ఇన్నేళ్ళూ ఇంత బాగుంటుందని ఒక్కసారీ సరిగ్గా చెప్పలేకపోయారు. రాళ్ళు, బాకులు అంటే ఎవరొస్తారు? ఆ జడకుచ్చులున్నాయి చూశారూ, ఆహా! సగం కూడా అవలేదు. ఆ మేడమీద ఇంకా బోలెడున్నాయట. వచ్చే సెలవుకు మళ్ళీ వద్దాం..." అని నాలిక కరుచుకుంది. "అయ్యో, మిమ్మల్ని రానివ్వరుగా. పోనీలెండి, నేనే చూసి వచ్చి చెప్తా. మీరు మెట్లమీద కూర్చుందురుగాని."

అతని కాలు మీద ఈగ వాలితే తోలడానికి వంగింది. ఎడమ పాదానికి చెప్పు లేదు.

"చెప్పేదండీ? అదీ పారేసుకున్నారా?"

భుజం పట్టుకుని కుదిపింది. అతను స్తంభం మీదనుంచి మెల్లగా ఆవిడ ఒళ్ళోకి ఒరిగాడు.

ఆవిడ కేకకు గార్డు పరుగెత్తుకొచ్చాడు. అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, టోపీ తీశాడు. అంబులెన్సుకు ఫోను చేశారు. మనిషి మ్యూజియం లోపల పోలేదు కదా, మెట్లమీదే కదా అని మేడం రెండుసార్లు అడిగి కనుక్కుంది. అంబులెన్సు మనిషి వచ్చి, "ఈయన తాలూకు ఎవరమ్మా?" అన్నాడు.

"నేనే. మా ఆయన."

గార్డు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల తిప్పుకుంది. స్ట్రెచరు వెంట బండెక్కుతూ, ఇంకో చెప్పు కూడా అతని కాలినుంచి తీసి పమిటలో చుట్టుకుంది.

మూసే వేళకు ఊడ్చే మనిషి కొత్త గదిలోకి వచ్చింది. ఇనప రేకులూ, చెక్క పేళ్ళూ తాడు బయట పడ్డవన్నీ చేటలోకి ఎత్తింది. లోపలివి వదిలేసింది. తాడు లోపల ఉన్నది ఏదైనా సరే, ఊడ్చేవాళ్ళు ముట్టకూడదని అక్కడి నియమం. మర్నాడు బొమ్మను లేపి పీటమీద కూర్చోబెట్టినవాళ్ళు, కింద ఉన్నదాన్ని చూసి ఎవరో కావాలనే పెట్టారనుకున్నారు. వస్తువులకు తెల్లరంగుతో అంకెలు వేసే ఉద్యోగి దాని అంచుమీద చిన్నగా ఒక అంకె వేసి వెళ్ళిపోయాడు. మెరిసే నల్లబూట్ల పక్కన, దీపం వెలుగులో, మడమ ఒక పక్కకు బాగా అరిగిపోయిన ఎడమకాలి తోలుచెప్పు, బొటనవేలి దగ్గర గుంటపడి, తలుపు వైపు తిరిగి ఉంది.